పిటిషనరు ఒకటి, పిటిషనరు రెండు

విజయనగరం కోర్టు గోడవార
రేకు కింద నా కంప్యూటరు.
పక్కన జిరాక్సు, ఆ పక్కన స్టాంపులమ్మే దాలినాయుడు,
ఆపైన బెల్లం టీ.
పదిన్నరకి బంట్రోతు మొదటి కేక వేస్తే
గ్లాసులు నోటిదాకా వెళ్ళి ఆగిపోతాయి.

ఇద్దరూ ఒకే ఆటోలో దిగారు.
కెల్ల అసిరినాయుడు, నెల్లిమర్ల జూట్ మిల్లు,
మిల్లు మూసినప్పుడు తాపీ పని.
సన్యాసమ్మ, అంగన్‌వాడీ ఆయా.
"ఇద్దరికీ ఒక్క కాయితమే కదప్పా,
డబ్బులు ఒక్కదానికే తీస్కో" అందావిడ.

వకీలు గారి చిత్తుప్రతి ముందుంది.
సెక్షను పదమూడు బి, ఉభయుల సమ్మతి.
ఆవిడ చెబుతోంది, నేను కొడుతున్నాను.
"ఆడు కొట్నేదు, తిట్నేదు.
పదకొండేళ్ళు. నోరిప్పి ఓ మాటన్నేదు.
గోడకి మేకు కొట్టినా సప్పుడవుద్ది కదప్పా."
నేను కొట్టింది: ‘మనస్పర్ధల కారణంగా’.
"మా గుంటడు పోనప్పుడు కూడా
అరుగు మీద కూకోని సైకిల్ సైను బాగుసేసుకున్నాడు."
దీనికి చిత్తులో మాట లేదు.
ఉన్న మాటనే మరోసారి కొట్టాను.

‘ఏడాదికి పైబడి ఏ సంబంధమూ లేక
విడివిడిగా నివసిస్తున్నారు’
అని పైకి చదివాను.
ఉన్నది రెండు గదుల ఇల్లు, మధ్యలో కట్టిన పాత చీర.
ఒక్క కప్పు కిందున్నా విడిగా ఉన్నట్టే లెక్కని
వకీలు గారు చెప్పారట.
అసిరినాయుడు అప్పుడు కదిలాడు:
"రాత్రి సిఫ్టుకెల్లొస్తే అన్నం మూతెట్టి ఉంటాది.
అదీ రాయాల?"
నా వేళ్ళు ఆగాయి.
"కుక్కకీ ఎడతాం" అందావిడ, అటు చూడకుండా.
వేళ్ళు మళ్ళీ కదిలాయి.

షెడ్యూలులో సామాన్లు:
గ్రైండరు ఆవిడది. టీవీ అతనిది.
మంచం ఎవరూ అడగలేదు.
నాలుగు కోళ్ళు చరాస్తి కిందికి వస్తాయా అని
గుమస్తాకి ఫోను చేస్తే నవ్వి పెట్టేశాడు.
కోళ్ళని వదిలేశాం.
సైకిలు సంగతి నేనూ ఎత్తలేదు.

ఆలోచించుకోండని కోర్టు ఆర్నెల్లిచ్చింది.
ఆర్నెల్లు తొమ్మిదయ్యాయి.
ఒక వాయిదాకి జడ్జీ సెలవు,
ఒక వాయిదాకి వకీళ్ళ బహిష్కరణ,
సిరిమాను రోజుల్లో పడ్డ వాయిదా సంక్రమణంలా జరిగి జరిగి
కార్తీకంలో తేలింది.
మిల్లు ఒకసారి తెరిచారు, మళ్ళీ మూశారు.
వచ్చినప్పుడల్లా ఒకే ఆటో.
ముందు సీట్లో అతను, వెనక ఆవిడ,
దిగాక చిల్లర చెరిసగం.

ఆఖరి రోజు బంట్రోతు మూడుసార్లు పిలిచాడు,
ఇద్దరి పేర్లూ కలిపి, పెళ్ళి శుభలేఖలో చదివినట్టు.
లోపల పట్టింది నాలుగు నిమిషాలు.

బయటికొచ్చి నా బల్ల దగ్గర కూర్చుంది సన్యాసమ్మ.
బలవంతమేమీ లేదు కదా అని జడ్జీ అమ్మగారు అడిగితే
"లేదండీ" అన్నాడట,
హాలు చివర బెంచీల వాళ్ళు కూడా తిరిగి చూసేలా.
"అంత గొంతుందా ఆడికి" అంది నాతో
టీ ఊదుకుంటూ.
"ఇన్నాళ్ళూ ఎక్కడెట్టినాడప్పా?"

డిక్రీ నకలుకి దరఖాస్తు కొట్టాను.
రైస్ కార్డు విడదీయడానికి ఇంకొకటి.
అందులో భర్త పేరో తండ్రి పేరో వెయ్యాలి,
ఖాళీగా వదిలితే రెండో పేజీకి పోనివ్వదు.
ఏం వెయ్యమంటావని అడిగాను.
"ఉండు" అంది,
"గ్లాసు అవ్వనీ."